మడ అడవి మట్టి

ధర్మవరం స్టేషన్లో నర్సాపురం బండి ఆగగానే, జనరల్ బోగీలోంచి దిగిన మనిషి తన చేతిసంచి, గొట్టాల కట్ట కంటే ముందు మూడు థర్మకోల్ పెట్టెలను ఒక్కొక్కటిగా ప్లాట్‌ఫారం మీదికి దించాడు. ఎండ తగలని చోటు చూసి, వాటిని కాలితో నెట్టకుండా రెండు చేతులతో ఎత్తి అక్కడ పెట్టాడు. పెట్టెల కోసం ల్యాబు నుంచి వచ్చిన గంగక్క అది చూసే అతన్ని గుర్తుపట్టింది.

"హిందూపురం మట్టి ల్యాబుకేనా అన్నా?"

"ఆయ్, అవునండి. నా పేరు నూకరాజండి. ఐసు గుంటూర్లో ఒకపాలి, నంద్యాల్లో ఒకపాలి ఏయించానండి. కరిగిపోయిందేమో సూడండి."

గంగక్క వంగి మూత తీసి చేయి లోపల పెట్టింది. ఐసు సగానికి పైగా నీళ్లయింది గానీ సంచులు చల్లగానే ఉన్నాయి. మడిచి బిగించిన ప్లాస్టిక్ సంచుల్లో నల్లటి బురద. మూత తీసిన ఒక్క క్షణానికే మురిగిన గుడ్ల వాసన గుప్పుమంది. పక్కన నిలబడ్డ ఇద్దరు ప్రయాణికులు ముక్కు మూసుకుని జరిగారు. ఆమె జరగలేదు. ల్యాబులో పదకొండేళ్లుగా మట్టి ఎండబెట్టి, నూరి, జల్లించే పని ఆమెది. ఈ ఏడాదిన్నరలో కోస్తా నుంచి ఇలాంటి పెట్టెలు రావడం ఇది నాలుగోసారి. సంచులు లెక్కపెట్టింది. ముప్పై రెండు. సగం సంచుల మీద 'పాత' అని, సగం వాటి మీద 'కొత్త' అని, ఎంత లోతులో తీశారో అంకెలు వేసి ఉన్నాయి.

బయట వ్యాన్ దగ్గర ల్యాబు మేనేజర్ తిమ్మరాజు ఫోన్లో మాట్లాడుతున్నాడు. "శుక్రవారం సాయంత్రానికి మీ మెయిల్లో ఉంటాది సార్. డౌటే లేదు" అంటున్నాడు. వీళ్లను చూసి వెనక తలుపు తీశాడు. ఆయనే ఒక పెట్టె అందుకుని లోపలికి సర్దాడు.

పెనుకొండ దాటేదాకా నూకరాజు కిటికీలోంచి కొండలనే చూశాడు. బండరాళ్లు, వాటి మధ్య ఎండిన గడ్డి. తరువాత తిమ్మరాజు వైపు తిరిగాడు.

"మరేనండి, ఈ బురద ఇంత దూరం తెచ్చి కాలుత్తారంట గదా. ఏటుందండి ఇందులో?"

"కార్బన్ ఉండాదప్పా. బొగ్గు ఉంటాది సూడు, ఆ జాతిది. మీ మడ చెట్లు గాలిలోంచి దాన్ని లాక్కుంటాయి. ఆకు రాలి, ఏరు చచ్చి, బురదలోకి పోతాది. ఆ ఉప్పు బురదలో గాలి ఆడదు, కాబట్టి కుళ్లి పైకి పోకుండా ఆడనే ఉండిపోతాది. వందల యేండ్లు."

"అది మాకు తెలుసండి" అన్నాడు నూకరాజు. "మా పక్కూరోళ్లు రొయ్యల సెరువుకని మడ కొట్టి తవ్వారండి. మూడడుగుల కింద ఆకు ఆకులాగే ఉందండి. తియ్యగానే నల్లగుంది, వారం ఎండకి తుప్పురంగొచ్చేసి, నేల ఇంత కిందకి దిగిపోయింది." అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. "ఎటుపోయింది అన్నారండి అందరూ."

"గాల్లోకే పోయింది" అన్నాడు తిమ్మరాజు. గేరు మార్చాడు. "ఇప్పుడు మీ ఊరి దగ్గర జెట్టీ కడతారంట కదా. దానికి పాత మడ అడవి తీసేయాల. అదే కంపెనీ ఆరేండ్ల కిందట యింకోచోట కొత్త మడ నాటింది. పాతది దాచిపెట్టిన కార్బనూ కొత్తది దాచిపెట్టిన కార్బనూ ఒకటే అని తేలితే పర్మిషన్ వస్తాది. మనం కొలిచి చెప్పేదంతే."

సంచుల్లోని మట్టి తవ్వింది నూకరాజే. రోజుకూలికి గొట్టం దింపి, లాగి, ముక్కలు కోసి ఇచ్చాడు. ఎందుకు తవ్వమన్నారో ఇప్పుడే తెలిసింది. అతని ముఖం చూసి గంగక్క చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

*

ల్యాబు హిందూపురంలో పరిగి రోడ్డు మీద, రేకుల షెడ్డు ఆనుకుని ఉన్న మూడు గదులు. నూకరాజు తవ్వుడు గొట్టాలూ పెట్టెలూ తిరిగి తీసుకుపోవాలి కాబట్టి పని అయ్యేదాకా ఉండమన్నారు. వెనక వరండాలో మంచం వేశారు. రెండు రోజులు సంచుల్లోని బురద ఓవెన్లో ఎండుతుంటే అతనికి తోచలేదు. మంగళవారం సాయంత్రానికి వరండా కడిగాడు. బుధవారం పొద్దున గంగక్క కల్వం ముందు కూర్చోగానే వచ్చి ఎదురుగా గొంతుకూచున్నాడు.

"నేను నూరనాండి?"

"వొద్దన్నా. ఒక చెయ్యే పడాల. లేకుంటే ఒకటి మెత్తగ, ఒకటి గరుకుగా వస్తాది."

ఎండిన బురద బిళ్లలు ఇటుక ముక్కల్లా ఉన్నాయి. 'పాత' అని రాసినవి ముందు తీసుకుంది. రోకలిబండ నొక్కితే బిళ్ల పొరలు పొరలుగా విడిపోయింది. సన్నటి వేళ్లు దారాల్లా సాగాయి. నూరేకొద్దీ నల్లటి మెత్తటి పొడి. మీటరు లోతు సంచీ కూడా అంతే నలుపు. జల్లెడలో పెద్దగా ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం 'కొత్త' సంచులు మొదలుపెట్టింది. మొదటి దెబ్బకే చప్పుడు వేరుగా వచ్చింది. కరకరలాడింది. పొడి బూడిద రంగులో, చేతికి ఇసుకలా తగిలింది. జల్లించి చూస్తే జల్లెడ నిండా తెల్లటి ముక్కలు. ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పింది. గవ్వ పెంకు. రెండో సంచీ, మూడోదీ అలాగే.

"ఇది యాడ తవ్వినారన్నా?"

"అది ఇసకదిబ్బండి. సముద్రం మొగన ఉంటది. మా తాతల నాడు అక్కడ గుల్ల ఏరి సున్నం కాల్చేవోరండి. మొక్కలు నాటారు గానీ బొడ్డు దాకా ఎదిగి ఆగిపోయాయండి. వాటికి బురదేదీ?"

సున్నం అన్న మాటకు గంగక్క చేయి ఆగింది.

తాడిమర్రి వైపు నుంచి రైతులు తెచ్చే సుద్దనేలల మట్టికి ల్యాబులో మొదట చేసే పని ఒక చుక్క ఆసిడ్ వేసి చూడడం. సున్నం ఉంటే పొంగుతుంది. ఆ పని పదకొండేళ్లుగా ఆమెదే. మొదట్లో సముద్రపు మట్టి గురించి, ల్యాబులో మిషన్ నడిపే రేష్మ చెప్పిన మాట కూడా గుర్తుంది. గవ్వ సున్నంలోనూ కార్బన్ ఉంటుంది, కానీ అది చెట్టు దాచింది కాదు, అందుకని ముందు ఆసిడ్ పోసి సున్నం పోగొట్టి, కడిగి, మళ్లీ ఎండబెట్టి, అప్పుడు మిషన్లో పెట్టాలి అని. నిరుడు మొదటి పెట్టెలు వచ్చినప్పుడు తిమ్మరాజు ఆ పని ఎత్తేయించాడు. ఒకటిన్నర రోజు ఆలస్యమని.

గంగక్క జల్లెడ పట్టుకునే తిమ్మరాజు గదిలోకి పోయింది.

"సార్, కొత్తవన్నీ గవ్వలే. ఆసిడ్ పొయ్యకుంటే సున్నం గూడా చెట్టు లెక్కలోకే వస్తాది కదా?"

తిమ్మరాజు కంప్యూటర్ మీంచి తల ఎత్తాడు. జల్లెడలోకి చూశాడు. చూడనట్టు మళ్లీ స్క్రీన్ వైపు తిరగలేదు, అది నిజం. కాసేపు చూశాడు.

"అక్కా, వాళ్లు ఫారంలో యేమి రాసినారో తెలుసా? టోటల్ కార్బన్. అంటే మొత్తం. గవ్వదైనా ఆకుదైనా మొత్తం. మనం అడిగింది ఇస్తాం. శుక్రవారం లోపల ఆసిడ్ పోసి ముప్పై రెండు సంచులు కడిగి ఆరబెట్టేది అయ్యే పనా?"

"వాళ్లు అడిగేదే అట్ల అడిగినారేమో సార్."

"అడిగింటారు. అది వాళ్ల బాధ." గొంతు తగ్గించాడు. "ఈ కంపెనీ పోతే రేపు మనకు పనే లేదక్కా. రైతుల మట్టి యెన్ని వస్తాండాయి చెప్పు, నెలకు పది సంచులు. గవ్వల్ని గూడా మెత్తగ నూరి కలిపెయ్ పో."

ఆమె మళ్లీ కల్వం దగ్గర కూర్చుంది. గవ్వ ముక్కల్ని పొడిలో పోసింది. నూరింది. ముక్కలు నలిగేదాకా రోకలిబండ కిర్రుకిర్రుమంటూనే ఉంది. సాయంత్రం పరిగి బస్సులో కూర్చున్నప్పుడు చూసుకుంటే అరచేతి గీతల్లో బూడిద రంగు పొడి ఇరుక్కుని ఉంది. బస్సు దిగాక బోరింగు దగ్గర రెండుసార్లు కడుక్కుంది.

*

గురువారం రేష్మ మిషన్ నడిపింది. హిందూపురం పిల్లే. చదువుకున్న కెమిస్ట్రీకి ఊళ్లోనే ఉద్యోగం దొరికిందని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. చిటికెడు పొడిని తగరపు గిన్నెలో తూచి లోపల పెడితే, మిషన్ దాన్ని కాల్చి వచ్చిన గాలిని కొలిచి అంకె చూపిస్తుంది. ఒక్కోదానికి పది నిమిషాలు. గంగక్క గిన్నెలు అందిస్తూ పక్కనే నిలబడింది. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు చదవగలదు.

పాత అడవి: నూటికి ఆరు, ఆరున్నర, ఆరు. కొత్త నాటు: అయిదున్నర, ఆరు, అయిదున్నర.

"దాదాపు ఒకటే వచ్చింది" అంది రేష్మ.

"రేష్మా, ఒక చుక్క వేసి చూస్తా. ఒక్క చుక్కే."

"సార్ వొద్దన్నారు కదక్కా."

"ఆసిడ్ పోసి మిషన్లో పెట్టొద్దన్నారు. చుక్క వెయ్యొద్దని చెప్పలేదు."

రెండు గాజుపళ్లాల్లో రెండు పొడులు పోసింది. పాతదాని మీద వేసిన చుక్క ఊరికే ఇంకిపోయింది. కొత్తదాని మీద వేసిన చుక్క పాలు పొంగినట్టు తెల్లగా నురగ కట్టి పళ్లెం అంచుదాకా పాకింది. రేష్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకు తెలుసక్కా" అంది చివరికి. "నిన్న నువ్వు జల్లెడ పట్టుకుని పోయినప్పుడే అర్థమైంది. కింద నా సంతకం ఉంటాది. టోటల్ అని రాసి సంతకం పెడితే తప్పు కాదు. తప్పు కాదని రాత్రంతా అనుకుంటానే ఉన్నా."

గంగక్క గాజుపళ్లాలు కడిగి బోర్లించింది. అప్పుడు రేష్మ తలుపు వైపు ఒకసారి చూసి, తిమ్మరాజు గదిలోంచి ఫోన్ మాటలు వినబడుతున్నాయని రూఢి చేసుకుని, ఆసిడ్ సీసాలుండే అల్మరా తాళంచెవి గంగక్క ముందు పెట్టింది.

"అన్నీ కాదు. పాతవి నాలుగు, కొత్తవి నాలుగు. ఇప్పుడు ఆసిడ్ పోసి కడిగితే రేపు పొద్దునకు ఆరతాయి. నేను యేడున్నరకే వస్తా."

ఎనిమిది గిన్నెలు. చుక్క చుక్క పోసింది గంగక్క. పొంగు తగ్గేదాకా ఆగింది, మళ్లీ పోసింది. 'కొత్త' గిన్నెల్లో పొంగు ఎంతకీ తగ్గలేదు. తగ్గేసరికి సగానికి సగం పొడి కరిగి, అడుగున పలచటి ఇసుక మిగిలింది. నీళ్లతో కడిగి, వడగట్టి, ఓవెన్లో పెట్టి, ఎవరికీ కనబడకుండా ముందు రైతుల మట్టి సంచులు రెండు అడ్డం పెట్టింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి ఎనిమిది అంకెలు వచ్చాయి. పాత అడవి నూటికి అయిదున్నర దగ్గర నిలబడింది. కొత్త నాటు ఒకటి కూడా దాటలేదు.

రేష్మ ఆ అంకెల్ని ఒక తెల్లకాగితం మీద రాసింది. కింద సంతకం పెట్టాలా వద్దా అని కలం పట్టుకుని ఆలోచించింది. పెట్టింది. కాగితం మడిచి గంగక్క చేతికిచ్చింది.

*

రిపోర్టులు చెల్లాలంటే ఉలిగప్ప సార్ సంతకం కావాలి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ల్యాబు మొదలుపెట్టినప్పుడు ఆయన పేరు మీదే గుర్తింపు వచ్చింది. పెనుకొండలో ఉంటాడు. మూడేళ్లుగా కళ్లు సరిగా ఆనవు కాబట్టి ల్యాబుకు రావడం మానేశాడు. వారానికోసారి కాగితాలు తీసుకుపోయి, ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ వేలు ఆనించి చూపించి, పెట్టించుకుని రావడం గంగక్క పనుల్లో ఒకటి.

తిమ్మరాజు రిపోర్టు కవర్లో పెట్టి ఇచ్చాడు. "పదకొండు బస్సుకు పోయి రెండింటికల్లా వచ్చేయక్కా."

బస్సులో ఒళ్లో కవరు, సంచీలో టిఫిన్ డబ్బా పక్కన రెండు పొడులు పోసిన రెండు చిన్న సీసాలు, రవికలో మడిచిన కాగితం. ఆసిడ్ తీసుకురాలేదు. బస్సులో అది ఒలికితే జనానికి ప్రమాదం. చూపించకుండా ఎలా చెప్పాలో పెనుకొండలో దిగేదాకా ఆమెకు తోచలేదు.

ఉలిగప్ప వరండాలో కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నాడు. చెప్పుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"గంగమ్మా, రా. ఎన్ని ఉండాయి ఈసారి?"

"ఒకటే సార్."

ఆయన రేడియో ఆపి, జేబులోంచి కలం తీసి, మోకాలి మీద అట్ట పెట్టుకుని సిద్ధంగా చేయి చాపాడు. ప్రతివారం జరిగేదే. ఆమె కవరు విప్పి చివరి పేజీ అట్ట మీద పెట్టింది. ఆయన కలం కాగితానికి అంగుళం పైన ఆగి, ఆమె వేలు కోసం ఎదురుచూసింది.

గంగక్క వేలు పెట్టలేదు.

"యాడమ్మా?"

"సార్, ఇంట్లో నిమ్మకాయ ఉండాదా?"

ఉలిగప్ప ముఖం ఆమె వైపు తిప్పాడు. "నిమ్మకాయా? ఎందుకు, కడుపులో బాగలేదా?"

"నాకు కాదు సార్. మట్టికి."

ఆయన ఇంకేమీ అడగకుండా లోపలికి కేకవేశాడు. కోడలు భాగ్యశ్రీ సగానికి కోసిన నిమ్మకాయ తెచ్చి, ఇద్దరినీ వింతగా చూసి వెళ్లింది. గంగక్క రెండు స్టీలు మూతల్లో రెండు పొడులు పోసింది.

"ఇది పాత మడ అడవిది సార్." పిండింది. ఏమీ కాలేదు. "ఇది కొత్తగా నాటినదాన్ది." మళ్లీ పిండింది. మూతను ఎత్తి ఆయన చెవి దగ్గర పెట్టింది.

సన్నగా బుసబుసమంది. ఉలిగప్ప తల వంచి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విన్నాడు.

"సున్నం."

"గవ్వలు సార్. నేనే నూరి కలిపినా."

ఆమె రవికలోంచి కాగితం తీసి ఎనిమిది అంకెలూ చదివింది. తరువాత రిపోర్టులోని అంకెలు చదివింది. దేనికి ఏ లోతు అంకెనో తడబడకుండా చెప్పింది. జెట్టీ సంగతీ, పాత అడవి సంగతీ తిమ్మరాజు వ్యాన్లో చెప్పినంతే చెప్పింది. తన మాటలు ఒకటీ కలపలేదు. చెప్పడం అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన సంతకం పెట్టనంటే అయిపోతుందని, తన పని అంతవరకేనని ఆమె అనుకుంది.

ఉలిగప్ప కలానికి మూత పెట్టాడు.

"కోస్తా నుంచి మట్టి రావడం ఇదే మొదలా?"

"కాదు సార్. ఇంతకుముందు మూడుసార్లు వచ్చినాయి."

"వాటికి ఆసిడ్ పోసినారా?"

"లేదు సార్."

"ఆ మూడింటికీ నేను సంతకం పెట్టినా?"

"పెట్టినారు." తన వేలి వైపు చూసుకుంది. "నేనే వేలు పెట్టి చూపించినా సార్."

ఆ మూడుసార్లూ జల్లెడలో ఏం మిగిలిందో గుర్తు తెచ్చుకోవడానికి గంగక్క ప్రయత్నించింది. ఒకదాంట్లో గవ్వలున్నాయి. మిగతా రెండూ గుర్తు లేవు. అప్పుడు చూడలేదు. ఏ అడవిని ఉంచారో, ఏ అడవిని తీశారో ఆమెకు తెలియదు. ఒక కాగితం ఆపడానికి బస్సెక్కిన మనిషి ఇప్పుడు ఇంకో మూడు కాగితాల ముందు కూర్చుని ఉంది.

ఉలిగప్ప గోడ పట్టుకుని లేచాడు. "చెప్పులు యాడుండాయి చూడు. నేనూ వస్తా."

*

మూడేళ్ల తర్వాత ల్యాబు గడప తొక్కిన సార్‌ను చూసి తిమ్మరాజు కుర్చీలోంచి లేచిన తీరులోనే అతనికి సంగతి అర్థమైందని తెలిసింది. గంగక్కను చూశాడు. రేష్మను చూశాడు. కోపం వచ్చింది గానీ, పెద్దాయన ముందు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ జరిపి వేశాడు.

"కూర్చోండి సార్. ఫోన్ చేసింటే నేనే వచ్చేవాణ్ని. వాళ్లు అడిగింది టోటల్ కార్బన్ సార్. అదే ఇచ్చినాం. అందులో అబద్ధం యేముంది?"

"అబద్ధం లేదప్పా" అన్నాడు ఉలిగప్ప. "ఉంటే నేను పెట్టేవాణ్ని కాదు. లేదు కాబట్టే మూడుసార్లు పెట్టినా."

"ఇది ఆపితే వాళ్లు బెంగుళూరు పోతారు. ఆడ యింకో ల్యాబు ఇస్తాది. ఆ అడవి నిలబడేదేం లేదు, మనం పడిపోవడం తప్ప."

"పోనీ. నా పేరు మీద పోదు కదా."

"మరి ముందు మూడు? వాటిని వెనక్కి తీసుకుంటామని రాస్తే, రేపు మనకు మట్టి పంపేదెవరు సార్? నాకు, రేష్మకు, ఈ అక్కకు..." అతని చేయి టేబుల్ మీది కాగితాల్ని సర్దుతూ, సర్దినవాటినే మళ్లీ సర్దుతూ ఉంది.

ఉలిగప్ప తల తిప్పాడు. గంగక్క ఎక్కడ నిలబడిందో సరిగ్గా తెలియక, తలుపు వైపు చూస్తూ అడిగాడు.

"నువ్వేమంటావు గంగమ్మా?"

ఈ గదిలో ఆమెను ఆ మాట ఎవరూ అడిగి ఉండలేదు. కిటికీ అవతల వరండాలో నూకరాజు గొట్టాలకు తాడు కడుతున్నాడు. వింటున్నాడో లేదో తెలియలేదు, తల ఎత్తలేదు.

"నేను పారెయ్యలేదు సార్" అంది గంగక్క. "మూడుసార్లవీ మిగిలిన పొడి సంచులు షెడ్డులోనే ఉండాయి. పేర్లు చెరిగిపోలా. మళ్లీ చెయ్యొచ్చు. రైటని తేలితే రైటే. తప్పని తేలితే, తప్పు చేసినామని మనమే రాద్దాం. ఊరికే భయపడేది యెందుకు, ముందు చూద్దాం."

తిమ్మరాజు కంపెనీకి ఫోన్ కలుపుతూ వరండా అవతలికి పోయాడు. రిపోర్టు ఇవ్వాళ రాదని, వారం పడుతుందని, ఆసిడ్ పోసి సున్నం తీసేసిన అంకెలు కూడా అందులో ఉంటాయని, అవి లేకుండా పాతదీ కొత్తదీ పోల్చడానికి కుదరదని చెప్పాడు. అవతల ఏమన్నారో గానీ, "మీ ఇష్టం సార్" అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి గొంతు మొదటిదానికంటే నింపాదిగా ఉంది.

శనివారం పొద్దున నూకరాజును హిందూపురం స్టేషన్ దాకా ఆటోలో దింపడానికి గంగక్కే పోయింది. ధర్మవరం పోయే బండికి ఇంకా పావుగంట ఉంది. అతను గొట్టాల కట్ట పక్కన నిలబెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నిన్న కొన్ని మాటలు సెవిన పడ్డాయండి. అడక్కూడదేమో. మా అడవి ఉంటదాండి?"

"తెలీదన్నా. వాళ్లు యింకో యాడికైనా పోవచ్చు. అంకెలు నీకు చెప్పగూడదు, అవి వాళ్లవి." ఖాళీ పెట్టె మూత బిగించింది. "మీ ఊళ్లో చదువుకున్నోళ్లు ఉంటే ఒక మాట అడగమను. కొలిచినప్పుడు గుల్ల తీసేసి కొలిచినారా, గుల్లతో కొలిచినారా అని. అది అడిగే హక్కు ఎవురికైనా ఉంటాది."

నూకరాజు ఆ మాటను పెదాలతో ఒకసారి చెప్పుకున్నాడు. "గుల్ల తీసా, గుల్లతోనా." మళ్లీ చెప్పుకున్నాడు. బండి వచ్చింది. ఖాళీ పెట్టెలు ఎక్కించి, తలుపు దగ్గర నిలబడి, "వత్తానండి గంగక్కగారూ" అన్నాడు. బండి కదిలాక కూడా అతని పెదాలు కదులుతున్నట్టే అనిపించింది ఆమెకు.

ఆమె ల్యాబుకు వచ్చేసరికి షెడ్డు తలుపు తీసి ఉంది. తిమ్మరాజు చొక్కా చేతులు పైకి మడిచి, పాత సంచులు వరసగా నేల మీద పేర్చాడు. గవ్వ ముక్కలు పెద్దవిగా ఉన్న ఒక సంచీని మళ్లీ నూరాల్సి ఉంది. ఆయన కల్వం ముందు చతికిలబడ్డాడు.

"నువ్వు ఆసిడ్ చూసుకో అక్కా. ఇది నేను నూరతా."

రేష్మ నవ్వు ఆపుకుంది. గంగక్క గిన్నెలు వరసగా పెట్టుకుని, ఒక్కోదాని మీద పేరు రాసిన కాగితం అతికించింది. కల్వంలోంచి చప్పుడు తగ్గుతూ, ఆగుతూ వస్తోంది. అయిదు నిమిషాలు కాకముందే తిమ్మరాజు అరచెయ్యి చూసుకున్నాడు. బొటనవేలి మొదట్లో ఎర్రగా కందింది. తల ఎత్తకుండానే మళ్లీ రోకలిబండ పట్టుకున్నాడు.

గంగక్క లేచి వచ్చి ఆయన పక్కన వంగింది.

"వేళ్లతో కాదు సార్" అంది. "భుజంతో నూరాల."

తిమ్మరాజు భుజం వంచాడు.